హండియా ఇళ్ళూ, ఒక కలి కుండా

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం రాదు. ఊళ్ళో నాలుగో తరగతి పూర్తి కాకుండానే బడి మానిపించారు. పుట్టింటికి నాలుగు ముక్కలు రాయడం తప్ప ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఏ ‘శ’ ఎక్కడ రాయాలో ఇప్పటికీ అనుమానమే. పెన్ను పట్టుకుంటే వేళ్ళకి చెమట పడుతోంది. తప్పులు కనపడితే విసుక్కోకుండా ముందుకి చదవండి. ఈ సంగతి నేను రాయకపోతే రాసేవాళ్ళు ఇంకెవరూ లేరు.

మా మావ, అంటే మా ఆయన తండ్రి, తాగుబోతు అని మా క్వార్టర్ల లైనులో అందరూ అనేవారు. ఆయన ఏం తాగేవాడో తెలుసుకోవడానికి నేను జంషెడ్‌పూర్‌లో సారా ఇళ్ళూ, హండియా ఇళ్ళూ తిరిగాను. అప్పటికి నేను కొత్త కోడల్ని. ఏ ఇంట్లో ఏది ఎలా ఉంటుంది, ఎక్కడ కూర్చోబెడతారు, దేంట్లో పోస్తారు అన్నీ చూశాను. అది గొప్ప అని చెప్పడం లేదు. అలా తిరగాల్సి వచ్చింది.

డెబ్భైల చివర్లో మాట. నాది పలాస దగ్గర పల్లెటూరు. పెళ్ళయి జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరా క్వార్టర్లకి వచ్చాను. ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా. మా అత్తగారు అంతకు ముందు ఏడే పోయింది. ఏడాది తిరక్కుండా ఇంట్లో శుభం జరగాలని మా పెళ్ళి తొందరగా చేసేశారు. అందుకని ఆవిణ్ణి నేను చూడలేదు. గోడ మీద ఫోటో కూడా లేదు. ఆవిడ ఫోటో తీయించుకోలేదట.

మావ స్టీలు కంపెనీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. చాలా తక్కువ మాట్లాడేవాడు. సాయంత్రం అయ్యేసరికి గుడ్డసంచీలో ఒక స్టీలు గ్లాసు వేసుకుని బయటికి పోయేవాడు. దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చేవాడు. తూలేవాడు కాదు, కేకలు వేసేవాడు కాదు. చెప్పులు విప్పి, గ్లాసు తనే కడిగి బోర్లించి పడుకునేవాడు. కానీ దగ్గరికి వస్తే పులిసిన వాసన. నేను వడ్డించిన అన్నం సగం వదిలేసేవాడు. నా వంట నచ్చలేదేమో అని భయంగా ఉండేది.

మా ఆయనకి ఆ వాసన తగిలితే చాలు, ఒళ్ళు మండిపోయేది.

“అమ్మ ఉన్నన్నాళ్ళూ ముట్టనేదు. అమ్మ పోగానే సురూ సేసినావు. షిఫ్టులో నా ముందే అంతన్నారు, నీ బాప్ హండియా లైన్లో కూకున్నాడని. సరమ్ నేదా నీకు?”

మావ గోడవైపు తిరిగి చెప్పేవాడు. “ఆకలేసి ఎల్తన్నాన్రా.”

“ఇంట్లో కూడు నేదా?”

“ఉందిరా. ఉంది.”

అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పేవాడు కాదు. ఆ జవాబు విని మా ఆయనకి ఇంకా కోపం వచ్చేది. ఎగతాళి చేస్తున్నాడనుకునేవాడు. నాకూ అలానే అనిపించేది.

చలికాలం మొదలైంది. ఒక పొద్దున్న వరండాలో పళ్ళు తోముకుంటూ మావ పడిపోయాడు. కుడి పక్క అంతా చచ్చుబడిపోయింది. మాట పోయింది. పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుని ఇంటికి పంపేశారు. పంపేటప్పుడు డాక్టరు మా ఆయనతో చెప్పాడు, “మందుల కన్నా ముందు నోటితో ఏదైనా తీసుకోవాలి. తాగితే కోలుకుంటాడు. ఇలా నోరు మూసుకుంటే మేం చేసేది ఏమీ లేదు.”

మావ ఏదీ తీసుకోలేదు. పాలు పట్టాను, ఊసేశాడు. బార్లీ పట్టాను, పళ్ళు బిగించేశాడు. కమలాపండు రసం చెంచాతో పోస్తే బుగ్గ మీంచి తలగడ మీదకి కారిపోయింది. ఎడమ చెయ్యి మాత్రం ఆడేది. ఆ చేతి బొటనవేలు నోటి దగ్గర పెట్టుకునేవాడు. తర్వాత చెయ్యి చాపి వంటింటి మూలకి చూపించేవాడు. మళ్ళీ నోటి దగ్గర, మళ్ళీ మూలకి. ఆ మూల బొగ్గుల బాల్టీ తప్ప ఏమీ లేదు.

బొటనవేలు నోటికి చూపిస్తే ఎవరికైనా ఏమని అర్థమవుతుంది? తాగుడు అడుగుతున్నాడని అందరం అనుకున్నాం. మూలకి చూపించేది చలికి, కుంపటి అడుగుతున్నాడని అనుకున్నాం. కుంపటి తెచ్చి మంచం పక్కన పెట్టాం. ఆయన కళ్ళు మూసుకుని తల అటూ ఇటూ ఆడించేవాడు.

పక్క క్వార్టర్లో ఒక పెద్దావిడ ఉండేది. లైనంతా ఆవిణ్ణి పెద్దమ్మ అనేవారు. పుట్టుక, చావు, పెళ్ళి, ఏది జరిగినా ఆవిడే ముందుండాలి. ఆవిడ వచ్చి మంచం పక్కన కూర్చుని మావ చేతిని కాసేపు చూసింది.

“ఇంకేటి సూత్తావే, హండియా అడుగుతన్నాడు. రెండు సుక్కలు పోత్తే గొంతు తడుత్తాది. ఆ ఎనకాల పాలో గంజో దిగుతాది.”

మా ఆయన అంతెత్తున లేచాడు. “ఇదే తాగి ఇలగయినాడు. మళ్ళీ అదే పొయ్యమంతావా పెద్దమ్మా?”

“ఏటీ పొయ్యకపోతే నీ బాబు లేచి డ్యూటీకి ఎల్తాడేట్రా? నోరు తెరిపించు ముందు. తగూలు తరవాత.”

మా ఆయన నాకేసి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఏం చేయాలో తెలీని పసివాడి చూపు అది. “బీ షిఫ్టు ఉంది” అని సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. వద్దని అనలేదు, తెమ్మనీ అనలేదు.

హండియా అంటే అన్నం పులియబెట్టి వడకట్టిన కల్లు లాంటిది. ఆ వైపు ఆదివాసీ ఆడవాళ్ళు చేసి అమ్ముతారు. నేను అంతవరకు దాని వాసనే తప్ప రంగు చూడలేదు. మావ ఎక్కడ తాగేవాడో మాకు తెలీదు. జుగ్సలాయి గోదాముల వెనక ఒకసారి చూశామని మా ఆయన షిఫ్టువాళ్ళు అన్నారు. అందుకని పెద్దమ్మా నేనూ పాల కేను పట్టుకుని ముందు అక్కడికి బయల్దేరాం.

రిక్షాలో పెద్దమ్మ నాకు పాఠం చెప్పింది. “కొంగు మూతికి అడ్డం ఎట్టుకో. నిన్ను సూత్తే జనం ఏదోటి అనుకుంతారు. నన్ను సూసి ఎవుడూ ఏటీ అనుకోడు. నా వయసు అలాటిది.”

జుగ్సలాయిలో ఆ ఇంటికి సందులోంచి పోవాలి. రెండు వైపులా గోనెసంచుల గుట్టలు, మధ్యలో తోపుడుబళ్ళు. రేకుల కప్పు వేసిన పొడుగాటి గది. కిటికీ లేదు. గోడవారన బెంచీలు, వాటి మీద మూటలు మోసేవాళ్ళు భుజం భుజం రాసుకుని కూర్చున్నారు. మేం గుమ్మంలో నిలబడగానే మాటలు ఆగిపోయాయి. నేను కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నాను.

అమ్మేవాడు మీసాలాయన. గాజు గ్లాసుల్లో పోస్తున్నాడు. ఆ గ్లాసులన్నీ ఒకే బాల్టీ నీళ్ళలో ముంచి తీస్తున్నాడు. పక్కన వేయించిన శనగలు, పచ్చిమిరపకాయలు. పెద్దమ్మ హిందీలో మావ పోలికలు చెప్పింది.

“బుఢ్ఢా బాబా? తెలుగు బాబా? తెలుసు తెలుసు. మా సరుకంటే ప్రాణం ఆయనకి!” అన్నాడు. ఆయన హిందీలోనే అన్నాడు గానీ నేను తెలుగులో రాస్తున్నాను.

పెద్దమ్మ ఒక గ్లాసు తీసుకుంది. “సూడాలి గదే, ఇసం ఏటైనా కలిపినాడేమో” అని గటగటా సగం తాగేసింది. మొహం ముడుచుకుంది. నేను వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. పసుప్పచ్చగా, చిక్కగా ఉంది. నోట్లో పడగానే మండింది, తర్వాత చేదు. పులుపు ఎక్కడో అడుగున ఉంది.

“ఇందులో మందు ఏదో కలిపినాడే. ఎక్కాలని” అంది పెద్దమ్మ. అని మిగతా సగం కూడా తాగేసింది. “పోసినాక పారబోత్తే బాగోదు.”

ఇంటికి తెచ్చి చెంచాతో పట్టాను. మావ వాసన చూసి నోరు తెరిచాడు. నాలిక మీద పడీ పడగానే థూ అని ఊసేశాడు. ఆ ఎడమ చెయ్యి నా చేతిలో చెంచాని తోసేసింది.

మర్నాడు భాలుబాసా వెళ్ళాం. అక్కడ ఒక ఇంట్లో ఇప్పసారా కాస్తారని పెద్దమ్మకి తెలుసు. ఎలా తెలుసని నేను అడగలేదు. అది చక్కటి ఇల్లు. గుమ్మానికి పూల కర్టెను, లోపల రెండు కుర్చీలు, ఒక చెక్కబల్ల, గోడ మీద దేవుళ్ళ క్యాలెండర్లు, మూల అగరొత్తి. తెలీనివాళ్ళు చూస్తే ఎవరో ఆఫీసు బాబు ఇల్లు అనుకుంటారు. అగరొత్తి వాసన వెనక ఇప్పపువ్వు వాసన, ఎండిన ద్రాక్ష మగ్గినట్టు, తియ్యగా, బరువుగా ఉంది. కాసేపు నిలబడితే తల తిరిగింది.

ఇంటావిడ చిన్న చిన్న కప్పుల్లో పోసింది. నీళ్ళలా తెల్లగా ఉంది. పెద్దమ్మ నాలిక చివర పెట్టి, “నిప్పు” అంది. అయినా దించలేదు.

ఇంటావిడ మావని గుర్తుపట్టింది. కానీ జుగ్సలాయి మీసాలాయనలా చెప్పలేదు. “ఒక్కసారి వచ్చాడు. ఒక్క గుక్క తాగి కప్పు పెట్టేశాడు. పుల్లటిది ఉందా అని అడిగాడు. సారా పుల్లగా ఎలా ఉంటుంది బాబా అన్నాను. తప్పు చేసినవాడిలా నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. హండియా కావాలంటే నది వైపు వెళ్ళమని నేనే చెప్పాను.”

ఆ మాట విని నాకు ఎందుకో ఏడుపొచ్చింది. ముసలాయన అంత చక్కటి గదిలో నిలబడి పుల్లటిది ఉందా అని అడగడం కళ్ళకి కనపడింది. పెద్దమ్మ నా వీపు మీద చెయ్యి వేసి, “పద, నది ఎంత దూరం” అంది. అప్పటికే ఆవిడ నడక కొంచెం తూలుతోంది.

మూడోది సిద్ధగోరా దాటి, సువర్ణరేఖ వైపు. ఇన్ని ఊళ్ళు తిరిగి చూస్తే మా ఇంటికి దగ్గరే. మట్టిగోడల ఇల్లు, గోడల కింద సగం ఎర్రమట్టి పూత, ముందు పేడతో అలికిన వాకిలి. ఆ వాకిలి మా ఇంటి వంటగది కన్నా శుభ్రంగా ఉంది. గది లేదు, బెంచీ లేదు. చాప కూడా లేదు. ఎండ ఎక్కడ పడితే అక్కడ మనుషులు కూర్చున్నారు. కోళ్ళు వాళ్ళ మధ్యలోంచి తిరుగుతున్నాయి. మధ్యలో ఒక నడివయసు ఆవిడ పెద్ద అల్యూమినియం డేక్చీ ముందు పీట మీద కూర్చుని, సాల్ చెట్టు ఆకులతో కుట్టిన దొన్నెల్లో పోస్తోంది. మమ్మల్ని చూసి ఎవరూ మాట ఆపలేదు. ఆవిడ కొంచెం జరిగి చోటిచ్చింది.

అక్కడి హండియా పాలలా తెల్లగా ఉంది. నేను దొన్నెడు తాగాను. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ తాగాను. ముందు తీపి, తర్వాత పులుపు, మింగాక ఉడికిన అన్నం వాసన. పచ్చి ఆకు వాసన కూడా కలిసింది. మూడు ఇళ్ళలో అదే మంచిది, అందులో మాట లేదు. పెద్దమ్మ అయితే, “ఇదే! ముసిలోడికి నాలికుందే!” అని రెండో దొన్నె చాపింది.

ఆవిడకి మావ సంగతి చెప్పాం. పడిపోయాడని వినగానే చేతిలో గరిట డేక్చీలో పెట్టేసింది.

“అందుకా రావడం లేదు! నేను ఊరికి వెళ్ళిపోయాడనుకున్నాను.” తర్వాత పెద్దమ్మ చేతిలో దొన్నె చూసి నవ్వింది. “అది కాదు. మంచిది బాబా ముట్టడు.”

ఆవిడ చెప్పింది ఇది. పులిసిన అన్నంలో నీళ్ళు పోసి మొదట వడకట్టింది చిక్కన, తియ్యన. అందరూ దానికే వస్తారు. అదే అన్నంలో మళ్ళీ నీళ్ళు పోసి పిసికితే పలచనిది. మూడోసారి పిసికితే వచ్చేది వట్టి పుల్లనీళ్ళు, మత్తు ఉండదు, పందులకి పోస్తారు. మావ ఆ పుల్లనీళ్ళు అడిగేవాడట. దొన్నెలో వద్దని తన స్టీలు గ్లాసు తీసేవాడట. జేబులోంచి కాగితప్పొట్లంలో ఉప్పు తీసి కలిపేవాడట. వాకిట్లో నిమ్మచెట్టు దగ్గరికి వెళ్ళి ఒక ఆకు కోసి, నలిపి అందులో వేసేవాడట. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ నెమ్మదిగా తాగి, గ్లాసు కడుక్కుని పోయేవాడట.

“పందుల నీళ్ళకి వెల ఏం చెప్పను? ఊరికే పోసేదాన్ని. పాపం ఇంట్లో తిండి పెట్టరేమో అనుకున్నాను” అంది.

నా మనసు ఆ నిమ్మాకు దగ్గర ఆగిపోయింది. ఉప్పు, నిమ్మాకు, పచ్చిమిరపకాయ. మా నానమ్మ అలాగే తాగేది. హండియా కాదు, కలి. మా వైపు కలి అంటారు, కొందరు తరవాణి అంటారు. బియ్యం కడిగిన నీళ్ళూ గంజీ కొత్త కుండలో పోసి పులియబెడతారు. రోజూ తీసుకోవడం, రోజూ గంజి కలపడం. కుండ ఖాళీ అవ్వదు. పొద్దున్నే చద్దన్నంలో ఆ కలి పోసుకుని పొలం పోయేవారు.

ఆ ఆవిడ డేక్చీ పక్కన చిన్న కుండలోంచి పుల్లనీళ్ళు కేనులో పోసి, నిమ్మాకులు కోసి నా కొంగులో కట్టింది. “బాబాకి చెప్పు, చెట్టు అలాగే ఉందని.”

ఇంటికొచ్చి ఉప్పు కలిపి, ఆకు నలిపి, ఆయన గ్లాసులోనే పోసి చెంచాతో పట్టాను. మావ మింగాడు. రెండో చెంచా కూడా మింగాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక లోపలికి దిగింది అదే. మూడో చెంచాకి నోరు మూసేశాడు, ఆ నీళ్ళకి మళ్ళీ తెరవలేదు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. చెయ్యి చాపి మళ్ళీ ఆ మూలే చూపించాడు. బొగ్గుల బాల్టీ ఉన్న మూల.

రాత్రి మా ఆయన డ్యూటీ దిగి రాగానే గుమ్మంలోనే అడిగాను. “ఆ మూల ఇదివరకు ఏటుండేది?”

“ఏ మూల?”

“బొగ్గుల బాల్టీ మూల.”

ఆలోచించాడు. “అమ్మ కలి కుండ ఉండేది. ఎందుకు?”

మావ దగ్గర గ్లాసు, అందులో నిమ్మాకు చూపించాను. మా ఆయన గ్లాసు వాసన చూశాడు. చూసి అక్కడే నేల మీద కూలబడిపోయాడు.

“ఊరి నుంచి వచ్చిన కాడి నుంచీ ఉండేది ఆ కుండ. అయ్య పొద్దున్న అదే తాగి డ్యూటీకెల్లేవోడు, వచ్చినాక అదే. నాకు పడేది కాదు, కంపు అనేవోణ్ణి.” గ్లాసు నేల మీద పెట్టాడు. “ఆకలేసి ఎల్తన్నాన్రా అనేవోడు గదే. రోజూ సెప్పినాడు గదే.”

మరి కుండ ఏమైందని నేను అడగక్కర్లేదు. ఇంట్లో చావు జరిగితే మట్టికుండలన్నీ తీసి పారేయాలి. కలి కుండ అసలు ఉంచకూడదు. గ్రహణం పట్టినా మార్చాల్సిందే. మా అత్తగారు పోయిన రోజున లైను ఆడవాళ్ళు వచ్చి అన్ని కుండలతో పాటు దాన్నీ నది ఒడ్డున పడేశారు. తర్వాత ఇంట్లో ఆడదిక్కు లేదు. నేను వచ్చాను గానీ నాకెవరూ చెప్పలేదు. మావ కోడల్ని అడగడానికి మొహమాటపడ్డాడేమో. స్టీలు గిన్నెలూ, బొగ్గుల పొయ్యీ చూసి ఈ పిల్లకి ఇవన్నీ తెలీవు అనుకున్నాడేమో. తెలుసు మావా, అని చెప్పడానికి ఆయన ఒక్కసారీ నన్ను అడగలేదు.

మర్నాడు పెద్దమ్మకి చెబితే నోటి మీద చెయ్యి వేసుకుంది. “ఆ కుండ నానే తీసినానే. నా సేతుల్తో.”

లైనంతా అడిగాం, ఎవరింట్లోనైనా కలి ఉందా అని. అందరివీ స్టీలు డబ్బాలూ కుక్కర్లే. ఒడిశా సరిహద్దు నుంచి వచ్చిన ఒక కుటుంబం వేసవిలో పెడతారు. ఆ ఇంటావిడ చెప్పింది, “మేం తొరాణి అంటాం అమ్మా. ఎండల్లో తప్ప ఎట్టం. ఈ సలిలో ఏటి పులుత్తాది?”

ఇంక మేమే పెట్టాలి. పెద్దమ్మ సాక్చీ బజారు నుంచి కొత్త కుండ మోసుకొచ్చింది. కడిగి, ఆరబెట్టి, పసుపు రాసి బొట్టు పెట్టాం. బొగ్గుల బాల్టీ తీసేసి ఆ మూల అలికి, కడుగు నీళ్ళూ గంజీ పోశాం. మావ మంచం తిప్పి వంటిల్లు కనపడేలా వేశాం. కుండ అక్కడ పెట్టగానే ఆయన ఎడమ చెయ్యి మంచం పట్టె మీద నెమ్మదిగా కొట్టింది. ఆ రోజు గంజి కొంచెం తాగాడు. మా ఆయన చెంచా పట్టుకుని, “ఇంకొంచెం అయ్యా, ఇంకొక్కటి” అని బతిమాలుతుంటే నేను వంటింట్లోకి పోయి నిలబడ్డాను.

కానీ కుండ పులవలేదు.

ఆ ఏడు చలి ఎక్కువ. కుండకి గోనె చుట్టాను. పొయ్యికి దగ్గరగా జరిపాను. మరీ దగ్గరైతే కుండ పగులుతుందని పెద్దమ్మ కేకలేసింది. మూత తీసి వాసన చూడడం, మళ్ళీ మూయడం. వట్టి గంజి వాసన. ఎవరో మజ్జిగ చుక్క వేయమన్నారు.

“మజ్జిగేత్తే మజ్జిగవుద్ది. ఆ ముసిలోడికి తెల్దా?” అంది పెద్దమ్మ.

మా ఆయన డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విప్పకుండా, “పులిసిందా?” అనేవాడు. లేదంటే తండ్రి మంచం పక్కన కూర్చునేవాడు. పులుపుని తొందరపెట్టడానికి ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. నది వైపు ఆవిడ దగ్గరికి మళ్ళీ వెళ్ళి అడిగాను. చలికాలంలో ఆవిడ గడ్డి కప్పుతుందట. “కానీ మాది వేరు, మేం మందువేర్ల ఉండలు వేస్తాం. నీది ఊరికే పులవాలి. ఊరికే పులిసేదానికి దాని ఇష్టం” అంది. గడ్డి తెచ్చి అది కూడా కప్పాను.

ఒక సాయంత్రం మూత తీస్తే కొంచెం తేడా వాసన వచ్చింది. ఆశతో గ్లాసులో తీసి ఉప్పూ నిమ్మాకూ వేసి పట్టాను. మావ నోట్లో పెట్టుకుని ఉంచాడు. ఊసెయ్యలేదు. నాకేసి చూస్తూ నోట్లో అటూ ఇటూ తిప్పి మింగాడు. తర్వాత ఎడమ చెయ్యి పైకెత్తి ఆగు అన్నట్టు అరచెయ్యి చూపించాడు. ఆడే సగం మూతితో నవ్వాడు. నేను ఆ ఇంటికొచ్చాక ఆయన నవ్వడం చూసింది అప్పుడే.

“ఇంకా పులవనేదంతన్నాడే!” పెద్దమ్మ పకపకా నవ్వింది. “నోరు పోయినా నాలిక పోనేదు ముసిలోడికి!”

“రేపటికి పులుత్తాది మావా,” అన్నాను. “ఎల్లుండికైనా.”

ఆయన సరే అన్నట్టు కళ్ళు మూసి తెరిచాడు. కానీ ఆ రాత్రి నుంచి దగ్గు పట్టుకుంది. ఛాతీలో గురగుర. డాక్టరు నెమ్ము చేరిందన్నాడు, మాత్రలు మార్చాడు. మావ గంజి కూడా మానేశాడు. నేను మంచానికీ కుండకీ మధ్య తిరగడమే.

కుండ కుదిరిన రోజు నాకు మూత తీయకముందే తెలిసింది. వంటింట్లో అడుగు పెట్టగానే మా నానమ్మ ఇంటి వాసన వచ్చింది. కొంచెం తీసి రుచి చూశాను. జుగ్సలాయిది చేదు, భాలుబాసాది నిప్పు, నది వైపుది తీపి. ఇది అవేవీ కాదు. నాలిక పక్కల నుంచి లాగే పులుపు, చల్లగా గొంతులోకి దిగింది. ఇదే. ఉప్పు కలిపి, ఆకు నలిపి, ఆయన గ్లాసులో పోసి పట్టుకెళ్ళాను.

“మావా, పులిసింది. మావా.”

ఊపిరి ఆడుతోంది గానీ కళ్ళు తెరవలేదు. మా ఆయన తల ఎత్తి పట్టుకున్నాడు. చెంచా పెదాలకి ఆనించాను. పళ్ళ మీదుగా గడ్డం మీదకి కారిపోయింది. వేలు ముంచి పెదాల మీద రాశాను. ముక్కు దగ్గర గ్లాసు పెట్టాను. వాసన తగిలిందో లేదో నాకు తెలీదు. తగిలిందని అనుకోవాలని చాలా ఉంటుంది, కానీ తెలీదు. మధ్యాహ్నం కాకుండానే పోయాడు.

లైను ఆడవాళ్ళు వచ్చారు. చెయ్యాల్సినవి చేస్తున్నారు. పెద్దమ్మ వంటింటి గుమ్మంలో చాలాసేపు నిలబడింది. నేను కుండ దగ్గర కూర్చుని ఉన్నాను.

“లెగే గుంటా. తియ్యాల.”

“ఈ పొద్దున్నే కుదిరింది పెద్దమ్మా.”

“నాకు తెల్దా?”

“కొంచెం ఉంచితే ఏటవుద్ది?”

వెనక ఎవరో, “ఇంకా తియ్యనేదా? సాయంత్రం అయిపోతంది” అన్నారు. పెద్దమ్మ వంగి కుండ చుట్టూ గోనె విప్పింది, గడ్డి తీసింది. రెండు చేతులతో ఎత్తుకుంది. అది నిండుగా ఉంది, నడుస్తుంటే అంచు మీంచి చీర మీదకి చిలికింది. వాకిట్లో మా ఆయన కూర్చుని ఉన్నాడు. కుండ తన ముందు నుంచి పోతుంటే తలెత్తి చూశాడు. ఆపుతాడేమో అనుకున్నాను. ఆపలేదు. ఎలా ఆపుతాడు? పెద్దమ్మ ఏడుస్తూనే నది వైపు నడిచింది.

పదకొండో రోజున విస్తట్లో ఆయనకి ఇష్టమైనవన్నీ పెట్టాలి. ఇంట్లో కలి లేదు. శుద్ధి అయ్యేదాకా మళ్ళీ కుండ పెట్టకూడదు, పెట్టినా ఆ చలిలో పులవదు. మావతో పనిచేసిన పాతవాళ్ళు ప్రేమగా ఒక సారా సీసా తెచ్చి విస్తరి పక్కన పెట్టారు. “మావాడికి ప్రాణం” అని దండం పెట్టారు. మా ఆయన నోరు తెరిచి, మళ్ళీ మూసేశాడు. అంత మంది పెద్దవాళ్ళ మధ్య కొత్త కోడల్ని నేనేం చెప్తాను? నది వైపు ఆవిడ చెట్టు నుంచి కోసి తెచ్చిన నిమ్మాకు ఒకటి విస్తరి అంచున పెట్టాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

తర్వాత చాలామందికి చెప్పాను, మా మావ తాగింది సారా కాదు, కలి కోసం తిరిగాడని. నవ్వేవారు. కోడలు వెనకేసుకొస్తోంది అనేవారు. అందుకే రాశాను. మా మావ తాగుబోతు కాదు. ఆయనకి ఆకలేసింది.

ఇంత రాసేసరికి చెయ్యి లాగుతోంది. ఎక్కడ అక్షరం తప్పు పడిందో, ఎక్కడ మాట ఎక్కువైందో నాకు తెలీడం లేదు. మీరు చదువుకున్నవాళ్ళు, తప్పుల్ని మీరే సరిచేసుకుని చదివి నన్ను క్షమించండి. మా మావని గురించి మాత్రం ఏదీ మార్చకండి.